డిస్పోజల్ జీపుకు ఇంటి దగ్గర వెల్డింగా? ఆపండి

పాత మిలిటరీ జీపు కొని ఇంటి పక్క షెడ్డులో పెట్టుకున్నవారికి, ఈ ఆదివారం దాని పెట్రోలు ట్యాంకుకు చిల్లులు పూడ్పిద్దామని వెల్డర్‌కు కబురు పెట్టినవారికి ముందుగా ఒక్క మాట. ఆ పని ఆపండి. మిగతా పనులు ఎలా చేయాలో, ఎక్కడ చేయించాలో తర్వాత మాట్లాడుకుందాం. ట్యాంకు పని మాత్రం ఇంటి దగ్గర వద్దు. "ఏడాదిగా ఎండలో పడి ఉంది, లోపల చుక్క లేదు, నాలుగుసార్లు నీళ్లతో కడిగాం" అని ఎవరైనా ధైర్యం చెబితే, ఆ మాట నమ్మి ముందుకు వెళ్లకండి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులోనూ, దాని వంశంలోనే పుట్టి మన దేశంలో మహీంద్రా దశాబ్దాల పాటు తయారుచేసిన సీజే-3బీలోనూ పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. విల్లీస్‌లోనైతే పెట్రోలు పోయాలంటే డ్రైవరు దిగి సీటు ఎత్తాల్సిందే. దాని ట్యాంకులో సుమారు 57 లీటర్లు పడతాయి. బండి ఏళ్ల తరబడి వానలో నిలబడితే ఆ ట్యాంకు అడుగున మట్టీ నీళ్లూ చేరి రేకు జల్లెడవుతుంది. అందుకే పాత జీపు కొన్నవాడి కన్ను ముందుగా దాని మీదే పడుతుంది.

పెట్రోలులో మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య కలిసి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులోనే ఈ పాళ్లు చక్కగా కుదురుతాయి. లెక్క వేసి చూడండి. 57 లీటర్ల ట్యాంకులో 1.4 శాతం అంటే ముప్పాతిక లీటరుకు కాస్త ఎక్కువ ఆవిరి. అంత ఆవిరి పుట్టడానికి ఒక టీస్పూను పెట్రోలు కూడా అక్కర్లేదు. ఆ టీస్పూనుడు రేకు మడతపెట్టి అతికిన అంచుల్లో ఉంటుంది, లోపలి అడ్డుపలకల సందుల్లో ఉంటుంది, పొరలుపొరలుగా లేచిన తుప్పు కింద ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా చేరవు. వెల్డింగ్ వేడి చేరుతుంది. చల్లగా ఉన్నంతసేపు నక్కి ఉన్న పెట్రోలు, రేకు కాలగానే ఆవిరై లేస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడు మూత దగ్గర వాసనే లేని ట్యాంకు, పని సగంలో ఉండగా పేలడానికి కారణం ఇదే.

షెడ్లలో దీనికి రకరకాల చిట్కాలు తిరుగుతుంటాయి. సైలెన్సర్ గొట్టానికి పైపు తగిలించి పొగను ట్యాంకులోకి వదిలితే చాలంటారు కొందరు. సబ్బు నీళ్లు పోసి ఊపితే చాలంటారు ఇంకొందరు. ఈ పని నిజంగా తెలిసిన చోట ట్యాంకుకు నీటి ఆవిరి పట్టించి శుభ్రం చేస్తారు, గ్యాస్ మీటరుతో లోపలి గాలి చూస్తారు, నైట్రోజన్ లాంటి మండని వాయువు నింపి, పని సాగినంతసేపూ నింపుతూనే ఉంటారు. ఇవేవీ లేని చోట మిగిలిన దారి ఒక్కటే: పాత ట్యాంకు పక్కన పెట్టి కొత్తది వేయించుకోవడం. ఈ జీపులకు కొత్త ట్యాంకులు చేసి అమ్మేవారున్నారు. ఆ ఖర్చుకు వెనకాడి చేసే ఆదా, కాలిన ఒంటికి ఒక్క రోజు ఆసుపత్రి బిల్లుకు కూడా రాదు.

ఇంకో సంగతి. ట్యాంకు విప్పి షెడ్డు మూలన పెట్టి, అదే షెడ్డులో చేసిస్‌కు గ్రైండర్ పట్టేవారున్నారు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచిపోదు, నేలబారున పాకుతుంది. బండి కింద పని చేయడానికి తవ్వుకున్న గోతిలోకి దిగి అక్కడే తిష్ఠ వేస్తుంది. ఆ గోతిలో మీరు పట్టుకునే బల్బు దీపం పగిలినా చాలు. విప్పిన ట్యాంకు ఇంటికి దూరంగా, ఆరుబయట, నీడలో ఉండాలి. బ్యాటరీ వైరు తీసేయకుండా బండి మీద ఏ పనీ మొదలుపెట్టకూడదు.

ఈ హెచ్చరిక ఇప్పుడెందుకు చేయాల్సి వచ్చిందంటే, ఈ సరదా ఇప్పుడు పది మందికీ అంటుకుంది. ఒకప్పుడు మిలిటరీ జీపు పునరుద్ధరణ అంటే పాత కార్ల సంఘాల్లో ఉండే కొద్దిమంది షావుకార్ల వ్యవహారం. 2019లో మహేంద్ర సింగ్ ధోనీ ఆకుపచ్చ జోంగా తోలుతూ రాంచీ వీధుల్లో కనిపించాక, ఆ పేరే వినని కుర్రాళ్లు కూడా దాని కోసం వెతకడం మొదలుపెట్టారు. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1969 నుంచి 1999 దాకా, నిస్సాన్ పెట్రోల్ పీ60 నమూనా మీద, సైన్యం కోసం తయారైన బండి అది. 3,956 సీసీ, ఆరు సిలిండర్ల ఇంజను. దానితో పాటు సైన్యం వదిలేసిన మారుతి జిప్సీలు, మహీంద్రా జీపులు వేలంలో వస్తుంటాయి. అక్కడి నుంచి ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకో, హర్యానాలోని మండీ డబ్వాలి జీపుల షెడ్లకో చేరి, రూపం మారి లారీ ఎక్కి మన ఊళ్లకొస్తాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉన్న నగరంలో పెరిగినవాళ్లకు ఈ బళ్ల మీద మోజు ఉండటం వింత కాదు. విశాఖలాంటి సముద్రతీరంలో ఏళ్లపాటు ఉప్పుగాలి పీల్చిన బండి మాత్రం ఎంత మోజున్నా రెండుసార్లు ఆలోచించి కొనాలి.

కొన్నవాళ్లు మరిచిపోయే విషయం ఒకటుంది. సైన్యంలో ఈ బండి ఒంటరిగా తిరగలేదు. దాని వెనక సైనిక వాహనాల మరమ్మతు చూసే ఈఎంఈ అనే ఒక కోర్ మొత్తం ఉండేది. ఏ నట్టు ముందు విప్పాలో, ఏది ఎప్పటికీ విప్పకూడదో నేర్పడానికి సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఒక కళాశాలే నడుస్తోంది. అలా శిక్షణ పొందిన జవాను, చేతిలో మాన్యువల్, పైన తనిఖీ చేసే హవల్దార్ ఉన్నారన్న లెక్క మీదే ఈ బండిని ఆ తీరున తయారుచేశారు. వేలంలో బండి మాత్రమే వస్తుంది. ఆ మాన్యువల్ రాదు, ఆ హవల్దార్ రాడు. వీధి చివర మెకానిక్ ఎంత పనిమంతుడైనా ఆయన చేయి తిరిగింది మారుతి కార్ల మీద, బొలెరోల మీద.

చక్రం సంగతే తీసుకోండి. యుద్ధకాలపు విల్లీస్‌కు, ఫోర్డ్ చేసిన దాని కవల జీపుకు వేసిన కంబాట్ రిమ్ములు ఒకే ముక్క కావు. రెండు సగాలను ఎదురెదురుగా పెట్టి ఎనిమిది నట్లతో బిగించారు. టైరు గాలి పోయినా రిమ్ము మీద నుంచి జారకుండా కొంత దూరం నడపగలగడం కోసం చేసిన ఏర్పాటు అది. చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచేవి మధ్యలో ఉండే ఐదు నట్లు. వాటి చుట్టూ వెలుపలి వరసలో ఉండే ఎనిమిదీ రిమ్ము సగాలను పట్టి ఉంచేవి. ఈ తేడా తెలియని మనిషి పానా తీసుకుని, టైరులో గాలి ఉండగానే, కంటికి ముందు కనిపించిన నట్లు విప్పుతాడు. తుప్పు పట్టిన బోల్టులు ఒకటీ రెండూ లూజవుతాయి. మిగతావి టన్నుల లెక్కలో ఉన్న తోపుడుకు ఆగలేక ఒక్కసారిగా తెగుతాయి. ఉక్కు రిమ్ము సగం ఎదురుగా వంగి ఉన్నవాడి ముఖం మీదికో ఛాతీ మీదికో వస్తుంది. తప్పుకునే వ్యవధి ఉండదు. శక్తిమాన్ లాంటి పాత సైనిక లారీలు కొన్నవారికి లాక్ రింగ్ రూపంలో ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. లారీ పంక్చర్ షాపుల్లో రింగు ఎగిరి మనుషులు పోయిన వార్తలు మన పత్రికల్లో కొత్తేమీ కాదు.

అందుకని చక్రం జోలికి వెళ్లే ముందు వాల్వు పిన్ను పూర్తిగా ఊడదీయండి. గాలి చప్పుడు ఆగినంత మాత్రాన ఖాళీ అయిందనుకోవద్దు. తుప్పు రజను వాల్వుకు అడ్డుపడి లోపల గాలి మిగిలిపోతుంది. సన్నని తీగతో పొడిచి చూసుకోండి. గాలి నింపేటప్పుడు ఇనుప బోనులో పెట్టి, పొడవాటి పైపుతో, పక్కకు నిలబడి నింపే షాపుకే వెళ్లండి. బోను లేని షాపువాడు "ఏం కాదన్నా, రోజూ చేసేదే" అంటాడు. వచ్చేయండి.

జాకీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విల్లీస్ బరువు సుమారు 1,100 కిలోలు, జోంగా అంతకన్నా ఎక్కువ. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి కిందికి దూరకూడదు. సిమెంటు దిమ్మ పగిలేటప్పుడు ముందుగా చెప్పదు. ఉక్కు స్టాండ్లు కొనలేనివాళ్లు ఈ సరదా వాయిదా వేసుకోవాలి.

ఇక కంటికి కనపడని వాటి దగ్గరికి వద్దాం. ఈ సంపాదకీయంలో ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాం, ఎందుకంటే పేలుడుకు భయపడే మనిషి కూడా దుమ్ముకు భయపడడు.

పాత బ్రేకు డ్రమ్ము విప్పగానే లోపల బూడిదరంగు పిండి కనిపిస్తుంది. మెకానిక్ అలవాటుగా కంప్రెసర్ గాలి కొడతాడు. ఒక్క క్షణంలో షెడ్డంతా పొగమంచులా కమ్ముతుంది. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో, ఇంజను గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ సర్వసాధారణం. ఊపిరితిత్తుల లోతుకు చేరిన ఆ పోగులు బయటికి రావు. వాటివల్ల వచ్చే క్యాన్సర్ ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే ఈ రోజు గాలి కొట్టిన కుర్రాడికి, రేపు దగ్గు కూడా రాని ఆ కుర్రాడికి, ఇందులో ప్రమాదముందని ఎంత చెప్పినా తలకెక్కదు. గాలి కొట్టొద్దు, పొడి బ్రష్‌తో దులపొద్దు, పాత లైనింగ్‌కు గరుకు కాగితం పట్టొద్దు. డ్రమ్మును నీళ్లతో బాగా తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూట కట్టేయాలి. గుడ్డ కట్టుకున్న ముఖం ఈ పోగుల్ని ఆపలేదు.

ఆ డ్రమ్మును తుడవడానికి చాలామంది బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడతారు. ఈ స్ప్రేలలో రెండు రకాలున్నాయి. ఒక రకం చప్పున అంటుకుంటుంది. రెండో రకం మండదని డబ్బా మీదే ఉంటుంది, అందుకే వెల్డింగ్ పనివాళ్లకు అది నచ్చుతుంది. ఆ మండని రకంలో తరచూ ఉండేవి టెట్రాక్లోరోఇథిలిన్ లాంటి క్లోరిన్ ద్రావకాలు. వాటితో తుడిచిన ఇనుము ఆరకముందే వెల్డింగ్ పెడితే, ఆ వేడికి, ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతికి ద్రావకం విరిగి ఫాస్జీన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులకు బలైనవారిలో అత్యధికులను చంపింది అదే. భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్ తయారీకి వాడిన ముడిసరుకుల్లో ఒకటీ అదే. పీల్చినప్పుడు కోసిన పచ్చగడ్డి వాసన తప్ప పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. కాస్త గొంతు మంట, కాస్త దగ్గు, తర్వాత సర్దుకున్నట్టే ఉంటుంది. మనిషి ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలవుతుంది. క్లీనర్ వాడిన చోట వెల్డింగ్ చేసి దగ్గు వచ్చినవారెవరైనా, తగ్గిపోయిందనిపించినా సరే, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ డాక్టరుకు "క్లోరిన్ ఉన్న క్లీనర్ మీద వెల్డింగ్ పొగ పీల్చాను" అని స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క వాక్యం చెప్పకపోతే దగ్గుమందు రాసి పంపేసే అవకాశమే ఎక్కువ.

ఇక రంగు. సైనిక వాహనాల మీద ఒక పొర ఉండదు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ వేస్తూ పోయిన పొరలుంటాయి. వాటి అడుగున నారింజ ఎరుపులో కనిపించేది రెడ్ లెడ్, అంటే సీసం. ఇవాళ హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్ వేరు, ఇది వేరు. పసుపు పచ్చగా కనిపిస్తే అది జింక్ క్రోమేట్ కావచ్చు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. గ్రైండర్‌కు వైరు బ్రష్ తగిలించి ఈ పొరల్ని గీకితే లేచే దుమ్ము పనివాడి జుట్టులో, చొక్కాలో చేరి ఇంట్లోకి వస్తుంది. ఆ చొక్కాతోనే పసిపిల్లను ఎత్తుకుంటాం. పిల్లల ఒంట్లో సీసం ఎంత తక్కువైనా క్షేమమని చెప్పగల హద్దు లేదని వైద్యశాస్త్రం తేల్చేసింది. చదువు, తెలివి, మాట అన్నీ దెబ్బతింటాయి. మన దేశంలో 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లో ఉంది. అది ఇళ్ల రంగులకు, అలంకరణ రంగులకు మాత్రమే. జీపు మీది అరవై ఏళ్ల కిందటి పొరలకు దానితో సంబంధమే లేదు. రంగును పొడిగా గీకొద్దు, గ్యాస్ మంటతో కాల్చొద్దు. రసాయన రిమూవర్‌తో తడిగా తీయాలి. షెడ్డు బట్టలు షెడ్డులోనే విడవాలి. పిల్లలున్న ఇంటి వరండాలో, గర్భిణి ఉన్న ఇంటి ఆవరణలో ఈ పని అసలే వద్దు. ఇప్పటికే చేసేసినవాళ్లు ఇంట్లో పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించాలి.

తుప్పు వదిలించడానికి ఇసుక బ్లాస్టింగ్ ఇంకో దారి. ఇసుకతో చేస్తే సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడతాయి. చేయించాల్సి వస్తే ఇసుక వాడని, మూసిన గదిలో చేసే చోటికే పంపండి. నీళ్లలో చాకలి సోడా కలిపి కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి వీడియోల్లో చూసి చాలామంది చేస్తున్నారు. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెం, గరిటె వేస్తే ఆ నీటిలోకి క్యాన్సర్ కారక క్రోమియమే దిగుతుంది. పైకి లేచే బుడగలు హైడ్రోజన్. ఆ తొట్టి పక్కన వెల్డింగ్ చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా.

చీకట్లో పచ్చగా మెరిసే మీటర్లు కనిపిస్తే ముచ్చటపడకండి. యుద్ధకాలపు కొన్ని సైనిక మీటర్ల ముళ్లకు, అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవారు. రేడియం-226 సగం తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. మెరుపు చచ్చినా రేడియం చావదు. అద్దం బిగించి ఉన్నంతవరకు అది దాదాపు ఊరుకుంటుంది. అద్దం తీసి, పాత రంగు గోకి, కొత్త రంగు వేద్దామనుకునే చేతులకే ముప్పు, ఎందుకంటే ఆ పొడి ఊపిరితోనో గోళ్ల సందుల నుంచి అన్నంతోనో కడుపులోకి పోతుంది. అలాంటి మీటరును విప్పకుండా సంచిలో మూసి, అణుశక్తి నియంత్రణ మండలిని అడగండి. ఇదంతా అతిభయమనేవారికి మాయాపురి పేరు గుర్తు చేయాలి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రయోగశాల నుంచి వేలంలో తుక్కుగా అమ్ముడైన యంత్రంలో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉందని కొన్నవాడికి తెలియదు, కోసినవాడికి తెలియదు. ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అది ఎక్కడో రహస్యంగా జరిగిన దొంగసరుకు బేరం కాదు, ఒక ప్రభుత్వ సంస్థ నిర్వహించిన వేలం.

ఇవన్నీ దాటుకుని బండి తయారైందనుకుందాం. అసలు తుప్పు ఎక్కడుందో చూశారా? విల్లీస్ నేలరేకు కింద బలం కోసం టోపీ ఆకారపు ఉక్కు పట్టీలు అతికించారు. వాటి లోపల చెక్క దూర్చారు. ఆ చెక్క వాన నీరు పీల్చుకుని ఏళ్ల తరబడి తడిగా ఉండి, పట్టీని లోపలి నుంచి తినేస్తుంది. పైన చూస్తే కొత్త రంగు, కింద చేయి పెడితే పేళ్లు. చేసిస్ కూడా అంతే. కమాన్ కట్టలు వేలాడే చోట, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట లోపలి నుంచి పలచబడుతుంది. అమ్మేవాడు అక్కడ పుట్టీ మెత్తి, మందంగా తారు రంగు పూస్తాడు. చిన్న సుత్తి తీసుకుని అంగుళం అంగుళం కొట్టి వినండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. సుత్తి వేయనివ్వని అమ్మకందారు దగ్గర బేరమే వద్దు. స్టీరింగ్ బాక్సు దగ్గర చేసిస్ తెగితే, ముందు చక్రాలు ఎటు తిరగాలో ఇక మీ చేతిలో ఉండదు.

ఈ పాత జీపుల బ్రేకులు ఒకే గొట్టపు వరస మీద నడుస్తాయి. నాలుగు చక్రాల్లో ఏ ఒక్కచోట పైపు చిట్లినా, ఒక్క సిలిండర్ రబ్బరు పోయినా, పెడల్ నేలకు అంటుకుని నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇప్పటి కార్లలో రెండు వరసలుండేది అందుకే. పాత ఉక్కు బ్రేకు పైపులు, రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు బాగున్నట్టు కనిపించినా అన్నీ మార్చాలి. ఇందులో బేరాలు వద్దు. హ్యాండిల్ కొట్టి ఇంజను స్టార్ట్ చేసే సరదా ఉన్నవారు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలి. టైమింగ్ తప్పిన ఇంజను వెనక్కి తన్నితే హ్యాండిల్ చుట్టిన బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. ఒకప్పటి లారీ డ్రైవర్లందరికీ ఇది తెలుసు, ఇప్పుడు చెప్పేవారు లేరు.

కాగితాల విషయం క్లుప్తంగా. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. ఎంతో శ్రమపడి వేయించే ఆ రంగే మీ మీద మొదటి కేసు కావచ్చు. బాణం గుర్తున్న సైనిక నంబరు, నక్షత్రాల పలక తగిలించుకుని రోడ్డెక్కడం మరీ తెలివితక్కువ పని. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటారు. 2021 నియమాల కింద 20,000 రూపాయలు కట్టి ఆ నంబరు పొందాలంటే బండికి తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉండాలి. ఆ తర్వాత కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. జోంగాల్లో చాలావాటికి ఇంకా ఆ వయసే రాలేదు. జిప్సీలకైతే సరేసరి. ఇక "నేను ఆర్మీలో పని చేస్తున్నా, బదిలీ అయింది, జీపు అమ్మేస్తున్నా" అంటూ ఐడీ కార్డు ఫొటో పంపి అడ్వాన్సు అడిగేవాడు మోసగాడే. బండిని కళ్లారా చూడకుండా, ఇంజను నంబరు, చేసిస్ నంబరు కాగితంతో సరిచూసుకోకుండా రూపాయి పంపొద్దు.

పాత బండిని బతికించుకోవడం తప్పని ఈ పత్రిక అనడం లేదు. తుక్కుగా కరిగిపోవాల్సిన జీపు ఒక ఇంటి ముందు మళ్లీ నిలబడటం మాకూ ఇష్టమే. నట్లు విప్పి సద్దుకోవడం, సీట్లు కుట్టించుకోవడం, వైరింగ్, కార్బురేటర్, తడిగా చేసే శుభ్రం ఇంట్లో చేసుకోవచ్చు. ట్యాంకు, రిమ్ములు, చేసిస్ వెల్డింగ్, రంగు తీయడం, గట్టిపడే మందు కలిపి కొట్టే కొత్త స్ప్రే రంగు మాత్రం తగిన ఏర్పాట్లున్న వర్క్‌షాపుకే పంపాలి. ఆ స్ప్రే రంగుల గట్టిమందులో ఐసోసైనేట్లుంటాయి, అవి ఆస్తమా తెచ్చిపెడతాయి, మామూలు మాస్కు వాటికి చాలదు.

కొనేవాడిని మాత్రమే హెచ్చరించి ఊరుకుంటే అన్యాయం. "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు" అన్న ఒక్క షరతు రాసి రక్షణ శాఖ బళ్లను వేలంలో వదిలేయడం ఇక ఆగాలి. ఆ బండి మీటర్లలో రేడియం ఉందా, లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉందా, రిమ్ములు రెండు ముక్కలవా అన్నది సైన్యం తెలుసుకుని చెప్పగల సమాచారమే. దాన్ని ఒక పేజీలో, కొనేవాడి భాషలో అచ్చువేసి ప్రతి లాటుకూ జతచేయాలి. రేడియం మీటర్లను వేలానికి ముందే ఊడదీయాలి. పునరుద్ధరించిన బండి రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడు రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ హారను, లైట్లు చూసి సంతకం పెట్టకుండా బండిని ర్యాంపు ఎక్కించి, కింద చేసిస్ మీద సుత్తి వేసి, బ్రేకు పైపులు కొత్తవో కాదో చూడాలి. క్లోరిన్ క్లీనర్లు అమ్మే దుకాణదారు "వెల్డింగ్‌కు ముందు వాడొద్దు" అన్న మాట డబ్బా చేతికిస్తూ చెప్పాలి. ఆ డబ్బాల మీద ఆ హెచ్చరిక తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో ఉండేలా ఉత్తర్వు ఇవ్వడానికి రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకూ అడ్డేముంది?